ఏడు దేశాల టిఫిన్లు, ఒక్క నక్షత్రం

1968 నవంబరు 11, సోమవారం ఉదయం ఎనిమిది ఇరవై తొమ్మిదికి నేను చివరి గరిటె సర్ది, పుస్తకంలో టైము వేసుకున్నాను. బాపట్లలో మా ఆడపిల్లల హైస్కూల్లో ఏడు బల్లల మీద ఏడు దేశాల టిఫిన్లు పొగలు కక్కుతున్నాయి. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది కాబట్టి ఈ అంకెల మీద ఎవరూ నాతో వాదించక్కర్లేదు.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. గృహవిజ్ఞానం చెప్పే టెంపరరీ టీచరుగా చేరి పదహారు నెలలు. ఆ సెక్షను ఉంచాలా ఎత్తెయ్యాలా అన్నది ఇన్‌స్పెక్టరమ్మగారి రిపోర్టును బట్టి తేలుతుంది. ఎత్తేస్తే నేను పెట్టె సర్దుకుని రేపల్లె బస్సెక్కాలి. రేపల్లెలో మా నాన్నగారు అప్పటికే ముగ్గురు పెళ్ళికొడుకుల జాతకాలు తెప్పించి సొరుగులో పెట్టుకుని కూర్చున్నారు. అందుకని, లోకంలో ఎవరెవరు పొద్దున్నే ఏం తింటారో వండించి, రుచి చూపించి, ఆవిడ చేత బాగుందనిపించుకోవాలని పథకం వేశాను.

సోమవారమే ఎందుకంటే దానికి లెక్క ఉంది. ఈజిప్టు వాళ్ళ చిక్కుడుగింజలు పన్నెండు గంటలు నానాలి, నాలుగు గంటలు సన్నసెగ మీద ఉడకాలి. మన ఇడ్లీపిండి తొమ్మిది గంటలు పులవాలి. ఆదివారం సెలవైతేనే ఇవన్నీ కుదురుతాయి. దొరకని వాటికి బదులు వెతికాను. స్కాట్లండు వాళ్ళ ఓట్సు బాపట్ల బజార్లో ఎవరూ చూసి ఎరగరు గనక, బడి ఉప్మా కోసం వచ్చిన గోధుమనూకతో జావ కాయించాను. జపాను వాళ్ళు అన్నంలోకి నంజుకునే ఊరేసిన పండుకు బదులు ఉసిరికాయ ఊరగాయ పెట్టాను. మెక్సికోకు మొక్కజొన్న రొట్టె, చైనాకు గంజి. ఇంగ్లండుకు టీ, కాల్చిన రొట్టె, గుడ్డు ఉండాలి. గుడ్డు గేటు దాటి లోపలికి రావడానికి వీల్లేదని హెడ్మిస్ట్రెస్ గారు ముందే హుకుం జారీ చేశారు. పల్చటి ఇడ్లీ మధ్యలో గుంట చేసి, పసుపు వేసి ఉడికించిన పెసరపప్పు ముద్ద పెట్టాం. ఆమడ దూరం నుంచి చూస్తే గుడ్డే.

గొడవంతా మన దేశం బల్ల దగ్గర వచ్చింది. టౌను పిల్లలు ఇడ్లీ అన్నారు. కర్లపాలెం నుంచి వచ్చే ఓ పిల్ల లేచి, "మా ఇంట్లో ఇడ్లీ పండక్కే చేస్తారండి. రోజూ చద్దన్నమే" అంది. "చద్దన్నం టిఫినేంటే!" అని మిగతావాళ్ళు నవ్వారు. "జపానోళ్ళు తింటే టిఫినూ, మేం తింటే కాదూ?" అందా పిల్ల. బల్లను సుద్దముక్కతో సరిగ్గా సగానికి గీసి, ఒక పక్క ఇడ్లీ, ఇంకో పక్క మజ్జిగ పోసిన చద్దన్నం, ఉల్లిపాయ పెట్టించాను.

ఇరవై ఇద్దరు తల్లుల్ని పిలిచాం. పందొమ్మిది మంది "సాయంత్రమైతే వస్తాం" అని కబురంపారు. 'తల్లులకు టిఫిను వేళ తెలియదు' అని పుస్తకంలో రాసుకున్నాను.

ఇన్‌స్పెక్టరమ్మగారు అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. తెనాలి మనిషి. పొడుగ్గా ఉంటారు, చేతులు వెనక్కి కట్టుకుని నడుస్తారు. శుభ్రతకు మార్కులు వేశారు. అలంకరణకు వేశారు. రుచి అనే గడి దగ్గరకు వచ్చి ఆగారు. నేను చెంచా అందించాను. అందుకోలేదు.

"ఏమ్మా, ఇవాళ ఏం వారం?"

"సోమవారమండి."

"ఏం సోమవారం?"

"నవంబరు పదకొండండి."

ఆవిడ హెడ్మిస్ట్రెస్ గారి వంక చూశారు. హెడ్మిస్ట్రెస్ గారు నుదురు కొట్టుకున్నారు. "కార్తీక సోమవారం, తల్లీ! మూడో సోమవారం! సాయంత్రం నక్షత్రం చూసేదాకా మేమెవరం మెతుకు ముట్టం."

"మరి నాకెందుకు చెప్పలేదండీ?"

"నీకు తెలీదని మాకు తెలిస్తే కదా! అంకెలన్నీ నీ దగ్గరే ఉంటాయి. ఊరికే చూడ్డానికి పిలిచావనుకున్నాను."

నేను హాస్టళ్ళలో చదువుకుని ఉపవాసాలు మానేసి ఆరేళ్ళయింది. నా గోడ మీద ఉన్నది స్కూలు కేలండరు. అందులో ఎర్ర అంకెలే తప్ప తిథులు లేవు.

మా స్కూలు ఆయా అడ్డం వచ్చింది. "నాకు ఉపాసమేంటమ్మా, నే తిని చెబుతా" అని ఎవరి అనుమతీ లేకుండా ఏడు బల్లలూ తిరిగి వచ్చింది. "ఇంగిలీషోళ్ళ గుడ్డు కోడి పెట్టలేదని తెలిసిపోతంది. ఆ స్కాట్లండోళ్ళకి పాపం రోజూ జొరమా? ఇది జొరమొస్తే తాగే జావ."

ఇన్‌స్పెక్టరమ్మగారు నవ్వారు గాని గడి మాత్రం నింపలేదు. "రుచి చూడకుండా సంతకం పెట్టను. ఇంకొకళ్ళు చూసి చెప్పినా పెట్టను. రేపు రేపల్లె స్కూలు ఉంది. ఇవాళ ఆరు నలభై బండికి నేను తెనాలి వెళ్ళిపోవాలి. ఈలోగా నక్షత్రం కనపడితే తింటాను."

స్టేషనుకు రిక్షాలో ఇరవై నిమిషాలు. అంటే ఆరూ ఇరవైకి ఆవిడ గేటు దగ్గర ఉండాలి.

ఉపవాసానికి టీ అడ్డం కాదట. ఆ పగలంతా ఆవిడ ఇంగ్లండు బల్ల దగ్గర నాలుగు కప్పులు తాగారు. స్కాట్లండు జావ పన్నెండింటికల్లా గడ్డకట్టి, మూడింటికి చాకుతో ముక్కలు కొయ్యొచ్చన్నట్టు తయారైంది. చైనా గంజికి ఆరుసార్లు వేడినీళ్ళు పోశాం. కాల్చిన రొట్టె బల్లమీద పడితే టక్కుమంది. ఒక్క ఈజిప్టు గింజలు మాత్రం కాగేకొద్దీ కమ్మగా అయ్యాయి.

ఒంటిగంటకు సముద్రం వైపునుంచి మబ్బు లేచింది. అయిదింటికి ఆకాశమంతా కప్పేసింది. నేను రేపల్లె బస్సుల టైములు గుర్తుచేసుకోవడం మొదలుపెట్టాను.

అయిదూ నలభైకి అందరం ఆవరణలోకొచ్చి తలలెత్తి నిలబడ్డాం. ఆరయింది. ఒక్క చుక్క కూడా లేదు.

"మబ్బు పట్టినప్పుడు వేళ చూసుకుని తినెయ్యొచ్చు" అన్నారు ఇన్‌స్పెక్టరమ్మగారు. ఆవిడకు ఆకలేస్తోందని గొంతులోనే తెలుస్తోంది.

"వేళ ఎవరు చెప్పాలండీ? మన స్కూలు గడియారం ఏడు నిమిషాలు వెనక" అన్నారు హెడ్మిస్ట్రెస్ గారు.

నాకు ఎక్కడో ఏదో తట్టింది. పుస్తకం తీసి వెనక్కి తిప్పాను. చదివి వినిపించాను. "అక్టోబరు ఇరవై ఎనిమిది, సోమవారం. సాయంత్రం ఆరూ ఒకటి. ఇంటివాళ్ళ దొడ్లో 'అదిగో అదిగో' అని కేకలు. నోట్సు దిద్దడానికి వీల్లేకపోయింది. నవంబరు నాలుగు, సోమవారం. అయిదూ యాభై ఎనిమిది. మళ్ళీ అవే కేకలు. ఇంటావిడతో మాట్లాడాలి."

ఇన్‌స్పెక్టరమ్మగారు మెట్టు మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "రెండు సోమవారాలు నక్షత్రం వచ్చిన టైము నిమిషంతో సహా రాసుకుని, కార్తీకమని తెలుసుకోలేదటే! మాట్లాడావా ఇంటావిడతో?"

"ఇంకా లేదండి. వారానికి మూడు నిమిషాలు తగ్గుతోంది కాబట్టి ఇవాళ అయిదూ యాభై అయిదు అవ్వాలండి."

"ఇప్పుడెంత?"

"ఆరూ నాలుగండి."

"అయితే నక్షత్రం వచ్చి తొమ్మిది నిమిషాలైంది. మబ్బు వెనకాల ఉంటే అది దాని ఇష్టం. చెంచా ఇటివ్వు."

బల్లకు రెండు నిమిషాల చొప్పున పద్నాలుగు నిమిషాలు, సంతకానికి రెండు. నేను వాచీ చేత్తో పట్టుకుని వెనక నడిచాను. ఇంగ్లండు గుడ్డును ఆవిడ కారప్పొడిలో అద్దుకుని తిన్నారు. ఈజిప్టు గింజలు మారు వడ్డించుకున్నందువల్ల ఒక నిమిషం ఎక్కువైతే, స్కాట్లండు దగ్గర ఒక నిమిషం తగ్గింది. జపాను బల్ల దగ్గర హెడ్మిస్ట్రెస్ గారు ఆపారు.

"రాత్రిపూట ఉసిరికాయ తినకూడదండీ."

"ఇది ఉసిరికాయ అని ఎవరన్నారు? చీటీ చదవండి. జపాను వాళ్ళ పండు."

ఈలోపల "సాయంత్రమైతే వస్తాం" అన్న తల్లుల్లో పదకొండు మంది గుళ్ళో దీపాలు పెట్టుకుని నిజంగానే వచ్చారు. కర్లపాలెం పిల్ల తల్లి మన దేశం బల్ల దగ్గర నిలబడి చద్దన్నం వంక అనుమానంగా చూస్తోంది. ఇన్‌స్పెక్టరమ్మగారు సుద్దగీతకు అవతల ఉన్న ఇడ్లీ వదిలేసి ఆ చద్దన్నమే నాలుగు ముద్దలు తిన్నారు. "పగలంతా మాడిన కడుపుకి ఇదమ్మా చల్లగా దిగేది" అన్నారు. కూతురి తల ఎంత ఎత్తుకు లేచిందో కొలవడానికి నా దగ్గర స్కేలు లేదు.

ఆరూ ఇరవైకి గడులన్నీ నిండాయి. చివర ఇలా రాశారు: 'ఉదయాహారములన్నియు సాయంత్రము రుచి చూడబడినవి. తృప్తికరము. సెక్షను కొనసాగించవలెను.'

గేటు దగ్గర రిక్షా ఎక్కుతూ, "వచ్చే ఏడు కూడా పెట్టమ్మాయ్. మంగళవారం పెట్టు" అన్నారు.

రిక్షా కదిలింది. సరిగ్గా అప్పుడే పడమటి మబ్బు చీలింది. "అదిగో, అదిగో చుక్క!" అని ఆయా అరిచింది. నేను వాచీ చూసుకుని పెన్ను మూత తీశాను.

ఇన్‌స్పెక్టరమ్మగారు రిక్షాలోంచి వెనక్కి తిరిగారు. "ఆ టైము మాత్రం రాయకే!"

సెక్షను నిలిచింది, నేనూ నిలిచాను. నాన్నగారి సొరుగులో జాతకాలు ఇంకో రెండేళ్ళు ఆగాయి. పుస్తకంలో ఆ రోజు పేజీలో మాత్రం ఆఖరి వరుస ఖాళీగా ఉంది. ఎంతైందో నాకు తెలుసు. చెప్పను.