మూడో ఫ్లోరు ఇన్‌ఛార్జి

ఫెబాకి ఎనిమిది నుంచి పదో తరగతి దాకా ప్రత్తిపాడు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పింది నేనే. పత్తిపువ్వు మొదటి రోజు తెల్లగా ఉండి, మర్నాటికి గులాబీ రంగు ఎందుకు తిరుగుతుందని నన్నడిగిన పిల్ల, నా ముప్ఫయ్యేళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్కతే. తల్లి ఎలీసమ్మ మిరప కోతలకీ పత్తి తీతలకీ వెళ్ళేది. తండ్రి మరియదాసు తెల్లారగానే చర్చి ఊడ్చి, గంట కొట్టి, ఆ తర్వాత పొలం పనికి పోయేవాడు. ఆ ఇంట్లోంచి వచ్చి ఎమ్మెస్సీ బోటనీ చదివింది, బీఈడీ చేసింది. ఊళ్ళో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్ళు చెప్పింది. ఆ స్కూలు మూతపడింది.

డీఎస్సీ పరీక్ష రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజులవి. గుంటూరు శివార్లలో ఆడపిల్లల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ఒకటుంది. వాళ్ళకి బోటనీ లెక్చరర్ కావాలని తెలిసింది. "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావే, వెళ్ళు. పట్నంలో నాలుగు రోజులుంటే ధైర్యం వస్తుంది" అన్నాను. ఆ మాట అన్నందుకు తర్వాత చాలా రోజులు నాకు నిద్ర పట్టలేదు.

చేరిన రోజు ఆఫీసులో ఏవో, అంటే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు గారు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడట. పేరు ప్రేమ్‌చంద్. ముప్ఫయ్యయిదేళ్ళుంటాయి. గొంతు పెంచి మాట్లాడే మనిషి కాదు.

"ఒరిజినల్స్ ఇవ్వండి మేడమ్. వెరిఫికేషన్ అవ్వగానే ఇచ్చేస్తాం. వారం పడుతుంది, అంతే."

పదో తరగతి నుంచి బీఈడీ దాకా ఉన్నవన్నీ తీసి ఇచ్చింది. అతను వాటిని ఒక ఖాకీ కవర్లో పెట్టి, పైన ఆమె పేరు రాసి, వెనకనున్న ఇనప బీరువాలో పెట్టి తాళం వేశాడు. మూడు పేజీల కాయితం ముందుకి జరిపాడు. ఆమె మొదటి పేజీ చదివింది, రెండోది చూసింది, మూడోదాని మీద సంతకం పెట్టింది.

గది మూడో అంతస్తులో ఇచ్చారు. అంతకు ముందు అది పరుపులు పడేసే గది. మంచం పట్టగా మిగిలిన చోటులో ఒక మనిషి నిలబడవచ్చు. కిటికీకి ఊచలున్నాయి, ఊచల మీద ఇనప జల్లెడ ఉంది. అవతల ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ గోడ. బస్తాలు లారీలకెక్కించిన రోజున ఆ ఘాటు ఫ్లోరంతా పాకేది. పిల్లలు తుమ్మలేక చచ్చేవాళ్ళు. ఫెబాకి మాత్రం ఆ వాసన వస్తే వాళ్ళమ్మ పక్కన కూర్చున్నట్టుండేది.

మొదటి వారం మూడు క్లాసులు చెప్పింది. రెండో వారం టైంటేబుల్లో ఆమె పేరు లేదు. వెళ్ళి అడిగితే ప్రేమ్‌చంద్, "సీనియర్ సార్ వచ్చారు మేడమ్. మీరు ప్రస్తుతానికి ఫ్లోర్ చూసుకోండి" అన్నాడు.

ఫ్లోర్ చూసుకోవడమంటే తొంభై ఆరు మంది పిల్లల్ని ఐదింటికి లేపడం. స్నానాల దగ్గర వరసలో నిలబెట్టడం, లెక్కపెట్టడం. టిఫినుకి పంపి మళ్ళీ లెక్కపెట్టడం. స్టడీ అవర్లో ఎవరూ కునుకు తీయకుండా బెంచీల మధ్య తిరగడం. పిల్లలున్న చోట ఫోన్ ఉండకూడదు కాబట్టి ఆమె ఫోన్ కూడా ఆఫీసులోనే. సాయంత్రం అరగంట ఇచ్చేవారు. గేటు దాటాలంటే ఏవో సంతకం పెట్టిన అవుటింగ్ స్లిప్ కావాలి. నెలకొకటి అన్నారు. మొదటి నెల యూనిట్ టెస్టులని ఇవ్వలేదు. రెండో నెల ఇన్‌స్పెక్షన్ అన్నారు.

ఆదివారాలు ఉదయం తొమ్మిది నుంచి పన్నెండు దాకా వీకెండ్ పరీక్ష. పుట్టిన దగ్గర్నుంచీ ఆదివారం చర్చికి వెళ్ళకుండా ఉండని మనిషి, పరీక్ష హాల్లో తిరుగుతూ పెదవులు కదలకుండా లోపల్లోపలే పాటలు పాడుకునేది.

సాయంత్రం ఫోన్లో ఎలీసమ్మ అడిగేది. "గుంటూరెట్టుందే? బజార్లన్నీ చూశావా?"

"బాగుందమ్మా. మొన్న వెళ్ళాను. పెద్ద పెద్ద కొట్లు."

బస్సు దిగిన చోట నుంచి కాలేజీ గేటు దాకా ఆటోలో చూసిన రోడ్డే ఆమెకి తెలిసిన గుంటూరు. అదొక్కటే. ఇంటికి ఇరవై కిలోమీటర్లు లేదు. బస్సెక్కితే గంటలోపు ప్రయాణం. అంత దగ్గర్లో ఉండి వెళ్ళలేకపోవడమే ఎక్కువ బాధ అనిపించేదని నాతో అంది. దూరమైతే దూరమని సరిపెట్టుకోవచ్చుగా!

వారం అన్న సర్టిఫికెట్లు రెండు నెలలైనా రాలేదు. అడిగిన ప్రతిసారీ, "హెడ్డాఫీసు నుంచి ఓకే రావాలి మేడమ్" అని ఒకటే జవాబు. ఒకరోజు గదిలో కూర్చుని తన దగ్గరున్న ఆ మూడు పేజీల ఒప్పందం రెండో ప్రతి మొత్తం చదువుకుంది. విద్యాసంవత్సరం పూర్తయ్యేదాకా మానకూడదు, మానేదాకా సర్టిఫికెట్లు సంస్థ దగ్గరే ఉంటాయి. కింద తన సంతకం. గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా తొందర లేకుండా పెట్టిన సంతకం.

ఆ ఫ్లోర్లో శ్రీరమ్య అని పొన్నూరు నుంచి వచ్చిన పిల్ల ఉండేది. వాళ్ళది వరి పొలం చేసుకునే కుటుంబం. మొదటి నెలంతా ఏడ్చింది, తర్వాత ఏడుపు మానేసి తినడం మానేసింది. ఒకరోజు స్టడీ అవర్లో ఫెబా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, ఒక్కసారి మా అమ్మతో మాట్లాడించండి. రెండు నిమిషాలు."

"ఆదివారం వస్తారుగా రమ్యా. నా చేతుల్లో ఏముంది చెప్పు? కూర్చో, చదువుకో."

ఆ పిల్ల చెయ్యి వదిలేసి, కోపం లేకుండా అడిగింది. "మీరు కూడా వెళ్ళలేరు కదా మేడమ్?"

చుట్టూ ఉన్న పిల్లలు తలలెత్తారు. ఫెబా ముందుకి నడిచి ఆ వరసలో తలలు లెక్కపెట్టబోయిందట. పదకొండు దగ్గర ఆగిపోయింది. "టీచర్, వాళ్ళని బయటికి పోకుండా చూడ్డానికి పెట్టుకున్న తాళాన్ని నేనే కదా అనిపించింది" అని తర్వాత నాతో చెప్పింది.

ఆగస్టు చివర ఒక శుక్రవారం డీఎస్సీ జాబితా వచ్చింది. స్కూల్ అసిస్టెంట్, జీవశాస్త్రం. ఫెబా పేరుంది. మంగళవారం సర్టిఫికెట్ల పరిశీలన. ఒరిజినల్స్ లేకపోతే ఉద్యోగం తర్వాతివాళ్ళకి వెళ్ళిపోతుంది. నేను ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. సాయంత్రం అరగంటలో దొరికితే విషయం చెప్పాను.

"వినపడుతోందా ఫెబా?"

"వినపడుతోంది టీచర్. ఇక్కడ అడుగుతాను."

శనివారం అడిగింది. విద్యాసంవత్సరం మధ్యలో కుదరదన్నాడు ప్రేమ్‌చంద్. సర్టిఫికెట్లు విజయవాడ హెడ్డాఫీసులో ఉన్నాయన్నాడు. అదే రోజు నేనూ మరియదాసూ వెళ్ళాం. గేటు దగ్గర మమ్మల్ని ఆపేశారు. విజిటర్స్ ఆదివారం పన్నెండున్నరకే అన్నాడు వాచ్‌మన్. మరియదాసు గేటు సందులోంచి లోపలికి చూస్తూ, "అమ్మగారూ, నా బిడ్డ ఏ తప్పూ చెయ్యలేదు గదండీ" అన్నాడు.

ఆదివారం తల్లిదండ్రులతో పాటు మమ్మల్ని కూడా వదిలారు. విజిటింగ్ హాలు కిక్కిరిసి ఉంది. క్యారేజీలు, పండ్లు, ఏడుపులు. ఫెబా మెట్లు దిగి వచ్చింది. రెండున్నర నెలల్లో మనిషి సగమైంది. మా వైపు చూసింది గానీ మా దగ్గరికి రాలేదు. హాలుకి ఆనుకుని ఉన్న ఆఫీసు గుమ్మం దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"సార్, నా సర్టిఫికెట్లు ఇవ్వండి."

ఆ మాట హాలు అవతలి దాకా వినపడింది. ప్రేమ్‌చంద్ లేచి, "మేడమ్, లోపలికి రండి, మాట్లాడదాం" అన్నాడు.

"ఇక్కడే మాట్లాడండి సార్. వారంలో ఇస్తామని తీసుకున్నారు. ఎల్లుండి నాకు వెరిఫికేషన్. విజయవాడలో లేవు, ఆ బీరువాలో ఉన్నాయి. మీరు పెట్టింది నేను చూశాను."

శ్రీరమ్య తల్లి కోటిరత్నం కూతురికి అన్నం కలిపి పెడుతోంది. అన్నం చెయ్యి అలాగే ఎత్తి పట్టుకుని లేచి వచ్చింది. పొలం మీద కేకేస్తే ఆ గట్టు మీదున్నవాళ్ళకి వినపడే గొంతు ఆవిడది.

"ఏమయ్యా, ఆవిడ కాయితాలు ఆవిడకివ్వడానికి నీకేం నొప్పి? పంతులమ్మ కాయితాలే దాచేసుకునేవాళ్ళు, మా పిల్లల్ని ఏం చూస్తారు?"

ఇంకో ఇద్దరు ముగ్గురు తండ్రులు లేచారు. ప్రేమ్‌చంద్ ఫోన్ తీసుకుని లోపలికి వెళ్ళాడు. హెడ్డాఫీసుతో మాట్లాడుతున్నట్టుంది. 'సార్', 'సార్' అనడం మాత్రమే మాకు వినపడింది. పది నిమిషాల తర్వాత బయటికొచ్చి కుదరదన్నారని చెప్పాడు. ఫెబా లోపలికి నడిచి, బీరువా ముందు నేల మీద కూర్చుంది. నేనూ మరియదాసూ గుమ్మంలో నిలబడ్డాం.

అలా ఎంతసేపు కూర్చుందో. విజిటింగ్ టైమ్ అయిపోయి హాలు ఖాళీ అవుతోంది. ప్రేమ్‌చంద్ కుర్చీలోంచి లేచి, మమ్మల్ని లోపలికి రమ్మని తలుపు దగ్గరికేసి, జేబులోంచి తాళంచెవి తీశాడు. బీరువా తెరిచాడు. అరల నిండా ఖాకీ కవర్లు. ఒక్కో కవరు మీద ఒక్కో పేరు. వందకి పైగా ఉంటాయి. వెతికి ఫెబాది తీసి ఇచ్చాడు.

"స్వంత కారణాల వల్ల మానేస్తున్నానని రాసివ్వండి మేడమ్. ఎక్స్‌పీరియెన్స్ సర్టిఫికెట్ అడక్కండి. అది నా వల్ల కాదు."

ఆమె రాసిచ్చింది. కవరు విప్పి ఒక్కొక్కటే తీసి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. లేచి నిలబడి, "మీకేమన్నా అవుతుందా సార్?" అని అడిగింది.

అతను కింది అర వైపు చూపించాడు. "అక్కడ నాది కూడా ఉంది మేడమ్. ఆరేళ్ళయింది." చెప్పి బీరువా మూసి మళ్ళీ తాళం వేశాడు. తాళంచెవి అతని చేతిలోనే ఉంది. తన కవరెందుకు తీసుకోలేదో నాకిప్పటికీ అర్థం కాదు. ఫెబా మాత్రం, "నాకర్థమైంది టీచర్" అంటుంది.

బయటికొస్తుంటే మెట్ల దగ్గర శ్రీరమ్య వాళ్ళమ్మ కొంగు పట్టుకుని ఉంది. "అమ్మా, నేను కూడా వచ్చేస్తాను. ఇంటి దగ్గర చదువుకుంటాను." అంతసేపు అంత గట్టిగా మాట్లాడిన కోటిరత్నం గొంతు తగ్గిపోయింది. "మార్చి దాకానేగా బంగారం. నువ్వు డాక్టరవ్వాలిగా. మీ నాన్నకి ఏం చెప్పను?" కూతురి మూతి కొంగుతో తుడిచి, మావైపు చూడకుండా గేటు వైపు నడిచింది.

ఫెబా ఆ పిల్ల దగ్గరికి వెళ్ళింది. తల మీద చెయ్యి వేసి, "అన్నం మాత్రం తిను" అంది. ఇంకో ఫ్లోరు ఇన్‌ఛార్జి వచ్చి పిల్లల్ని పైకి తోలుకుపోయింది.

బ్యాగు తెచ్చుకుని గేటు దగ్గరికొస్తే వాచ్‌మన్ స్లిప్ అడిగాడు. మానేసి వెళ్ళిపోతున్నానంది. అయినా స్లిప్ ఉండాలన్నాడు. మరియదాసు మళ్ళీ ఆఫీసుకెళ్ళి సంతకం పెట్టించుకొచ్చేదాకా, ముప్పావుగంట, ఆమె ఆ కవరు రెండు చేతులతో గుండెలకి పట్టుకుని ఎండలో నిలబడింది. నీడలోకి రమ్మన్నా రాలేదు.

మంగళవారం పరిశీలన అయింది. అక్టోబరులో మార్టూరు దగ్గర ఒక ఊరి హైస్కూల్లో పోస్టింగ్ ఇచ్చారు. రాళ్ళు పాలిష్ చేసే యూనిట్ల మధ్య బడి. ఆవరణలో చెట్ల ఆకుల మీద ఎప్పుడూ తెల్లటి పొడి ఉంటుంది. ఆ ఆకుల్నే పిల్లలకి చూపించి పత్రరంధ్రాల పాఠం మొదలుపెట్టానని సంతోషంగా ఫోన్ చేసింది. మొదటి వారం మధ్యాహ్నం కొట్టుకి వెళ్ళొస్తానని హెడ్మాస్టర్ని అనుమతి అడిగిందట. "లంచ్ టైమేగామ్మా, నన్నడగడం దేనికి?" అన్నాడాయన. వెళ్ళింది గానీ, గేటు దగ్గర ఆగి, స్లిప్ అడిగేవాళ్ళెవరన్నా ఉన్నారేమోనని చూసిందట.

జనవరిలో ఒక ఆదివారం మార్టూరు నుంచి బయల్దేరి ఆ కాలేజీకి వెళ్ళింది. శ్రీరమ్య కోసం రేగుపళ్ళు దంచి చేసిన రేగొడియాల పొట్లం కట్టుకుపోయింది. వాచ్‌మన్ గౌస్ బాషా గుర్తుపట్టాడు. పలకరించాడు. కొత్త ఏవో వచ్చాడని, ప్రేమ్‌చంద్ ఎటు వెళ్ళాడో తెలియదని చెప్పాడు. కానీ పుస్తకంలో తల్లిదండ్రుల పేర్లున్న వాళ్ళనే లోపలికి వదలాలి. ఫెబా పేరు అందులో లేదు.

"ఒక్కసారి కిందికి పిలిపించు బాషా. దూరం నుంచి చూసి వెళ్ళిపోతాను."

"నా ఉద్యోగం పోద్దమ్మా."

వాళ్ళమ్మొచ్చిందా అని అడిగింది. ఈవారం రాలేదన్నాడు గౌస్ బాషా. రోడ్డవతలికి వెళ్ళి నిలబడి మూడో అంతస్తు వైపు చూసింది. జల్లెడల వెనక ఎవరున్నారో కింద నుంచి తెలియదు. కాసేపటికి వెనక్కొచ్చి పొట్లం గేటు సందులోంచి ఇచ్చింది. పంపిస్తానని బాషా తీసుకున్నాడు. పంపించాడో లేదో ఆమెకి తెలియదు.