వీడియోను ఊరడిగినం

నిన్న మా మనవరాలి బడిల మీటింగ్. "క్లాసుల నెట్టు వద్దే వద్దు, పిల్లలు ఖరాబైతున్నరు" అని ఒకాయన అంటె అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను కొట్టలే. "అత్తమ్మా, జర ఊకోండ్రి" అని కోడలు మోచేతితోని పొడిచింది. ఊకునే గుణమే ఉంటె టీచరు నౌకరిల ఉన్నప్పుడు మా బడి పెద్దసారుతోని అన్ని మాటలెందుకు పడుదును?

ఆదిలాబాద్ అవతల, పత్తి జిన్నింగు మిల్లుల పక్కన ఉండేది నేను చదువు చెప్పిన బడి. పత్తి సీజన్ల దూది ఎగిరొచ్చి పిల్లల నెత్తుల మీద వాలేది. మా దిక్కు కొత్త మనిషి కనవడితె ముందుగాల అడిగేది పేరు కాదు, "ఏ ఊరు మీది?" అని. గా అలవాటునే నేను క్లాసుకు తెచ్చిన. ఇండ్లల్ల ఫోన్లకు ఏ వీడియో వచ్చినా పిల్లలు నాకు చెప్పాలె. నా ఫోన్ల నెట్టు పెట్టి, అది ఎక్కడిదో, ఎప్పటిదో అందరం వెతికేటోళ్లం. "ఊరడుగుడు" అని పిల్లలే పేరు పెట్టిన్రు. పెద్దసారుకు మాత్రం ఒళ్లుమంట. "సిలబస్ ఇడిసిపెట్టి గీ ఆటలేంది మేడం? ఫోన్ తెచ్చి నా బీరువల పెట్టున్రి" అనేటోడు.

ఆ యేడు పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్లు తిరుగుతున్నరని ఒక వీడియో ఇంటింటికి పాకింది. ఒకనాడు పొద్దుగాల క్లాసుల దాని ఊరడిగినం. వేరే దేశంల, తల్లిదండ్రులు పైలంగ ఉండాలని నటించి తీసిందట. పిల్లను మళ్ల తెచ్చి అప్పజెప్పే ఆఖరి ముక్కను ఎవడో కోసేసిండు.

గదే దినం పగటీలి బయట లొల్లి. దుప్పట్లమ్మేటాయన ఒక పిల్లను మంచినీళ్లడిగిండట, అంతే! మిల్లు గేటుకాడ పట్టుకొని కొడుతున్నరు. "నేను కాదు" అని ఆయన మరాఠీల మొత్తుకుంటుండు. "మనకెందుకు మేడం, గేటు మూయున్రి" అన్నడు పెద్దసారు. "మూయను సార్" అని ఫోన్ పట్టుకొని ఉరికిన. నా ఎనుక ఏడో తరగతి పిల్ల ఒకతి ఉరికొచ్చింది. దుప్పట్లాయన అంగి గల్ల పట్టింది వేరెవరో కాదు, దాని బాపే, మిల్లుల హమాలి. పిల్ల నా చేతులకెల్లి ఫోన్ గుంజుకొని ఇద్దరి నడుమ నిలవడ్డది.

"బాపూ, గీ వీడియో మన దేశందే కాదు. ఆఖరిదాక చూడు. చూసినంకనే కొట్టు" అన్నది ఏడ్చుకుంటనే.

ఆయన చూసిండు. గల్ల ఇడిసిపెట్టిండు. కట్టెలు పట్టుకున్నోళ్లు ఒక్కొక్కలు తలకాయలు దించుకున్నరు.

తెల్లారి పెద్దసారు మళ్ల ఫోన్ అడిగిండు. "ఇయ్య సార్, ఏం చేసుకుంటరో చేసుకోన్రి" అన్న. ఆయన ఏం చేయలే.

ఏండ్లు వాటంతటవే గడుస్తయనుకుంటం. గా దుప్పట్లాయనకు మిగిలిన ఏండ్లను మాత్రం ఒక పిల్ల అడ్డం నిలవడి ఇప్పించింది.