బంతిపూల బల్ల మీద ఒక ఫొటో

నిన్న సూర్యాపేట బస్టాండు ఎదురుగా గోడ మీద కొత్త కాగితం కనిపించింది. స్పానిష్ నేర్పబడును అని తెలుగు అక్షరాల్లో ఉంది. నలభై ఏడేళ్ల వయసులో అక్షరాలు దిద్దినదాన్ని, గోడ మీద ఏది కనిపించినా చివరిదాకా చదివితే గాని కదలను. రెండు బస్సులు పోయాయి. అది మా టీచరమ్మ కాగితమే. ఇప్పుడు మిర్యాలగూడలో కూడా చెబుతోందట.

ఆమె కోదాడ మనిషి. సూర్యాపేటలో ఒక మందుల దుకాణం మీది గదిలో క్లాసు పెట్టినప్పుడు ఊడ్చి చాయ్ పోసే పనికి కుదిరాను. ఆత్మకూర్ నుంచి ఆటోలో వచ్చేదాన్ని. విదేశం పోవాలనుకునే నర్సు, కాల్ సెంటర్ ఉద్యోగం కోసం గొర్రెలకాపరుల ఇంటి డిగ్రీ అమ్మాయి, ఇంట్లో పొద్దుపోని రిటైర్డ్ లెక్కల సారు, ఇట్లా ఒకరికొకరు పొంతన లేనివాళ్లు చేరారు. ఇంగ్లీషంటే బెదిరేవాళ్ల కోసం టీచరమ్మ స్పానిష్ మాటల్ని తెలుగు అక్షరాల్లో బోర్డు మీద రాసేది. అందుకే చీపురు పట్టుకుని నిలబడ్డ నాకూ అందాయి. ఒకరోజు గమనించి కూర్చోమంది. లెక్కల సారుకు నాలుక తిరగని మాట నా నోట పలికిందని ఆయన రెండు రోజులు నా చేతి చాయ్ తాగలేదు.

పోయిన కార్తీకంలో టీచరమ్మ, స్పానిష్ మాట్లాడే మెక్సికో వాళ్ల పండుగ గురించి చెప్పింది. చనిపోయినవాళ్లు ఆ రోజు ఇంటికి వస్తారట. బల్ల మీద వాళ్ల ఫొటోలు, బంతిపూలు, ఇష్టమైన తిండి పెడతారట. అది మా చర్చివాళ్ల సమాధుల పండుగే అంది నర్సు. కాదు, పెద్దలకు బియ్యమిచ్చే మా పెత్రమాస అంది డిగ్రీ అమ్మాయి. ఎవరి పండుగో తేలేలోపు గంట గడిచింది. వచ్చే ఆదివారం అందరూ ఒక ఫొటో, ఒక వంటకం తెచ్చి, ఆ మనిషి గురించి మూడు మాటలు స్పానిష్‌లో చెప్పాలని టీచరమ్మ ముగించింది.

ఆ వారం నాకు కాలు నిలవలేదు. మా ఆయన లారీ మీద క్లీనరుగా వెళ్లి అప్పటికి పదమూడేళ్లు. లారీ తిరిగి వచ్చింది, ఆయన రాలేదు. దారిలో ఒక డాబా దగ్గర దిగాడని డ్రైవరు చెప్పాడు, అంతే. నా బొట్టు, మెట్టెలు అట్లాగే ఉన్నాయి. పెత్రమాసకు బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు పేర్లు అడిగితే, మా అత్త, పోయిన మా మామ పేరు ఒక్కటే చెప్పి ఊరుకుంటుంది. ఫొటో తీసుకెళ్తే ఆయన్ను నేనే చంపినట్టు. తీసుకెళ్లకపోతే ఇంకెవరిని తీసుకెళ్లాలి? పెట్టె తీశాను, మూశాను, ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చాను. చివరికి ఫొటోను టవల్‌లో చుట్టుకుని, నాలుగు సర్వపిండి ముక్కలు కట్టుకుని ఆటో ఎక్కాను. బల్ల మీద పెట్టను, ఊరికే దగ్గర ఉంచుకుంటాను అనుకున్నాను.

క్లాసులో ఫొటోను కుర్చీలో ఉంచి చాయ్ పెట్టడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అది బల్ల మీద ఉంది, బంతిపూల దండతో. టవల్ విప్పి నర్సు వేసింది. బొట్టు చూసి ఆడమనిషిని లెక్కగట్టే అలవాటు వాళ్ల ఇంట్లో లేదు. పండుగనాడు ఒక్క సమాధినీ పూలు లేకుండా వదలని అలవాటు మాత్రం ఉంది.

"మరిచినవేమో అనుకున్న అక్కా. అన్న ఎప్పుడు పోయిండు?" అంది.

గ్లాసుల పళ్లెం కింద పెట్టి, దండ తీసేశాను. టీచరమ్మకు ఏదో అర్థమైంది. "మీరేం చెప్పక్కర్లేదమ్మా, కూర్చోండి చాలు" అంది. సంగతి తెలిశాక నర్సు ఏడ్చింది. ఊరుకోబెట్టే పని కూడా నాకే పడింది.

ఇంటికొచ్చి అత్తకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది, చెయ్యి ఆగలేదు.

"దండ తీసినవా?"

"తీసిన అత్తా."

"ఎవలన్న బయటోళ్లు ఏస్తే మంచిగుండు అనుకుంటున్న ఇన్నేండ్ల సంది. నాకు చెయ్యి వస్తలేదు, నీకు వస్తలేదు." ఇంకో రాయి ఏరి పారేసి అడిగింది, "దండల మంచిగున్నడా?"

ఉన్నాడన్నాను. పెళ్లి తర్వాత ఆయన మెడలో దండ చూడటం అదే మొదటిసారి.

ఫొటో మళ్లీ పెట్టెలోకి పోలేదు. గోడకూ ఎక్కలేదు. గూట్లో, దండ లేకుండా నిలబడి ఉంది. ఇన్ని ఏళ్లు ఒక్కొక్కటిగా మా గడప దాటి పోయాయి. ఎదురుచూడటం ఎప్పుడు ఆపాలో ఒక్కటీ చెప్పి పోలేదు.