ఆటలో మోగిన గంట

అయినా అంత బుల్లి స్క్రీన్ మీద మనిషిని గురిచూసి కొట్టడమంటే మాటలా, మీరే చెప్పండి. రెండు చేతుల్లో ఇమిడే వీడియో గేమ్ యంత్రం. శత్రువేమో శనగగింజంత ఉంటాడు. ఎండ పడితే వాడూ కనపడడు, అందులో మన మొహమే మనకి కనపడుద్ది. ఎర్మిందా మొదటిసారి ఆడినప్పుడు సొంత జట్టువాణ్ణే కాల్చేసింది. తర్వాత గోడని కాల్చింది. ఆ తర్వాత బాంబు విసరబోయి కాళ్ళ దగ్గరే పడేసుకుని, "ఓరి నాయనో" అంటూ నిజంగానే కుర్చీలోంచి లేచి నిలబడింది. టికెట్టు కోసం నిలబడ్డ ముసలాయన హడలిపోయి, "ఎలకామ్మా?" అనడిగాడు.

"ఎలకే," అంది. యాభై దాటిన ఆడమనిషి ఇంకేం చెబుద్ది?

ఎర్మిందాది మా కొండ కింద టికెట్ల గది. చిలీ దేశంలోని మా వాల్పరైసోలో కొండెక్కాలంటే మెట్లన్నా ఎక్కాలి, పట్టాల మీద నడిచే పెట్టెబండన్నా ఎక్కాలి. మా పెట్టెబండికి కింద ఎర్మిందా, పైన మోటారు దగ్గర ఆవిడ తమ్ముడు రిగోబెర్తో. పైనున్న మనిషికి కింద ఏం జరుగుతోందో కనపడదు, మధ్యలో ఇళ్ళ చూరులు అడ్డం. జనం ఎక్కి తలుపు పడగానే కింద నుంచి గంట కొడతారు. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి. అది వినగానే పైనున్నోడు లేచి మీట లాగాలి. ఏళ్ళ తరబడి అదే పని కదా, బుర్రతో పని లేకుండా చెవి వింటుంది, చెయ్యి లాగుతుంది.

వాళ్ళమ్మ పోయిన దగ్గర్నుంచి ఆ అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలంటే ఆ గంట ఒక్కటే.

జరిగిందేంటంటే, అమ్మ ఆఖరి రోజున ఎర్మిందా ఆస్పత్రికి పరిగెత్తేసరికి, రిగో గది బయట బల్ల మీద కూర్చుని ఈ తుపాకీ ఆటే ఆడుతున్నాడు. పెద్ద మోత పెట్టుకుని మరీ. లోపల తల్లి అప్పటికే పోయింది. వాడికి తెలియదు. మర్నాడు శవం దగ్గర, ఊరంతా టీ కప్పులు పట్టుకుని నిలబడి ఉండగా ఎర్మిందా అనేసింది, "అమ్మ ప్రాణం పోతుంటే బయట బొమ్మ తుపాకీ పట్టుకుని కూర్చున్నావు. నువ్వసలు మనిషివేనా?" రిగో చేతిలోని కప్పు అక్కడ పెట్టేసి వెళ్ళిపోయాడు. ఇక అంతే.

మరి ఈవిడ ఆ ఆట ఎందుకు కొనుక్కుందీ అంటారు. కోపంతోనే కొంది. ఆదివారం సంతలో పాత సామాన్ల మధ్య అదే యంత్రం, అదే ఆట కనపడ్డాయి. తల్లికంటే ఎక్కువైంది ఇందులో ఏముందో చూద్దామనుకుంది. ఏముంది? చేతిలో తుపాకీ గొట్టం తప్ప మన ఒళ్ళు మనకి కనపడదు. బొటనవేళ్ళు పీకుతాయి. ఒంటరిగా ఆడే కథ ఉప్పులేని సూపులా ఉంటుంది, పట్టుమని వారం కూడా రాదు. అసలు మజా అంతా పక్క బేకరీ బసీలియో వైఫై పట్టుకుని బయటి జనంతో ఆడటంలోనే. పెరూ పిల్లలు, మెక్సికో పిల్లలు తిట్టే తిట్లు వింటే చెవులు కడుక్కోవాలనిపించేది. అయినా ఆవిడ వదల్లేదు. ఇష్టమైపోయింది, దాచడమెందుకు.

పాత ఆట కావడంతో అందులో జనం తక్కువ. అందుకే తమ్ముడు త్వరగానే తగిలాడు.

ఆటలో ఒక పాడుబడ్డ రేవూరు ఉంది. అందులో గోపురం, గోపురానికి ఇనప గంట. తూటా తగిలితే ఠంగుమంటుంది. ఒక సైనికుడు ఆట మొదలవగానే దాన్ని కాల్చాడు. రెండు గబగబా, ఆగి ఒకటి. అది తమ పెట్టెబండి గంటే. అంతలో చెవిలో తమ్ముడి గొంతు కూడా వినపడింది, "ఎవర్రా ఆ మూల నిలబడ్డది? మాట్లాడవేం? మూగోడివా?"

మాట్లాడితే గొంతు పట్టేస్తాడు. అందుకని మైకు తీసి పక్కన పెట్టేసింది. ఆ రోజు నుంచి ఆవిడ మూగోడే.

"ఒరేయ్ మూగోడా, కుడివైపు పోకు, కప్పు మీద ఒకడు బోర్లా పడుకున్నాడు... చెప్తే వినవు కదా. చచ్చావా? చావు, మళ్ళీ పుట్టి నా వెనకే రా. తాబేలులా కాదురా, మనిషిలా రా!"

కింద కూర్చుని ఆవిడ నవ్వు ఆపుకునేది. జనం ఎక్కితే నిజం గంట కొట్టేది. పైన వాడి గదిలో మోగిన ఆ గంటే మళ్ళీ ఆవిడ చెవిలో వినపడేది. వెంటనే వాడి గొంతు, "ఆగరా మూగోడా, కింద మా అక్క పిలుస్తోంది. అందరికీ ఆగమని చెప్పొచ్చు, ఆవిడకి చెప్పలేం." ఆ మాటన్నప్పుడల్లా ఈవిడ చేతిలో చిల్లర నాణేలు కిందపడేవి.

ఒకరోజు వానకి జనం లేరు. ఆటలోనూ వాళ్ళిద్దరే. రిగో గోపురం కింద కూర్చుని ఊరికే గంట కాలుస్తున్నాడు.

"ఈ గంట కొట్టడం మా అమ్మ కోసం మొదలుపెట్టానురా," అన్నాడు. "ఆవిడ మా పెట్టెబండి కింది స్టేషన్ దగ్గరే గుమ్మడి రొట్టెలు వేయించి అమ్మేది. ఆస్పత్రిలో కళ్ళు కూడా పోయాయి. ఈ గంట వినిపిస్తే చాలు, 'పెట్టె పైకెళ్ళిందారా?' అనేది. 'వెళ్ళిందమ్మా, నిండుగా వెళ్ళింది' అనేవాణ్ణి. ఆఖరి రోజు నర్సు నన్ను బయటికి పంపేసింది. తలుపులోంచి వినపడాలని మోత పెంచి బయట కూర్చున్నాను. విందో లేదో తెలీదు."

ఎర్మిందా ఏమైపోయిందో మీకు వేరే చెప్పాలా. మైకు చేతిలోకి తీసుకుంది. 'ఒరేయ్ రిగో, నేనురా' అంటే అయిపోయేది. మైకు మళ్ళీ పక్కన పెట్టేసింది. ఇన్నాళ్ళు దొంగచాటుగా విన్నావా అంటాడేమో. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు చాలాసార్లు వచ్చింది, చాలాసార్లు పోయింది.

ఇంతలో ఆట తెరవగానే ఒక కబురు కనపడటం మొదలైంది. ఈ నెలాఖరుకి బయటి జనంతో ఆడే రూములు మూసేస్తారట. మూసేస్తే మూగోడు ఉండడు. చెప్పాలంటే ఈలోపే చెప్పాలి.

ఆ నెల చివర్లో ఒక మధ్యాహ్నం, రేవూళ్ళో మళ్ళీ ఇద్దరే కలిశారు. రిగో రొట్టె నములుతూ, "ఇంక నువ్వెవడివో నాకెప్పటికీ తెలీదు కదరా మూగోడా," అన్నాడు. నోటితో చెప్పలేని మనిషి వేలితో చెబుదామనుకుంది. తుపాకీ గోపురం వైపు ఎత్తింది. రెండు గబగబా, ఆగి ఒకటి. వాడు కాక అలా కొట్టేది లోకం మొత్తంలో ఒక్క మనిషే కదా, పోల్చుకుంటాడనుకుంది.

వాడి బుర్ర పోల్చుకోలేదు. చెయ్యి పోల్చుకుంది. గంట వినగానే లేచి మీట లాగేశాడు.

కింద ఉబాల్దీనా అనే ముసలావిడ అప్పుడే ఒక కాలు పెట్టెలో పెట్టింది, ఉల్లికాడల సంచీతో. తలుపు ఇంకా వెయ్యనే లేదు. పెట్టె కదిలేసరికి ఆవిడ వెనక్కి పడింది. ఎర్మిందా యంత్రం పడేసి, పరిగెత్తి, పెట్టెని ఆపే గొలుసు లాగేసరికే ముసలావిడ మణికట్టు విరిగింది.

"నీ తమ్ముడికి కళ్ళు నెత్తికెక్కాయే!" అని కేకలు పెట్టింది ఉబాల్దీనా. "నా ప్రాణం తీసేవాడు!"

ఆఫీసు నుంచి టై కట్టుకున్న ఒకాయన వచ్చాడు. ఇద్దర్నీ టికెట్ల గదిలో నిలబెట్టి అడిగాడు.

"గంట మోగింది సార్," అన్నాడు రిగో. "నా చెవులతో విన్నాను."

"ఏమ్మా, కొట్టావా?"

"లేదు సార్. నేను గంట మీద చెయ్యే వెయ్యలేదు."

అది నిజమే. అందుకే నోట్లోంచి అంత సులువుగా వచ్చేసింది. మిగతా నిజం యంత్రం రూపంలో కుర్చీ కింద, కోటు వెనకాల ఉంది, ఇంకా వెచ్చగానే. చెబితే ఉద్యోగం పోతుందని భయం. ఒక రోజాగి చెబుదామనుకుంది. ఆవిడ సంగతి తెలిసిందే కదా.

వాణ్ణి తీసేశారు.

వెళ్ళే ముందు రిగో మెట్లు దిగి టికెట్ల గది కిటికీ దగ్గరికొచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి నోరు విప్పి మాట్లాడాడు.

"అక్కా, నీమీద నాకేం లేదు. నువ్వు అబద్ధమాడే మనిషివి కాదు. నా చెవులే పాడయ్యాయి. ఆ ఆట గంటకీ ఈ గంటకీ తేడా తెలీకుండా పోయింది. అమ్మ శవం దగ్గర నువ్వన్నది నిజమేలే."

"ఒరేయ్, కాదురా..." అంది ఎర్మిందా. వెనకాల జనం. ఎవరో నాణెంతో కిటికీ అద్దం మీద కొడుతున్నారు.

"జనాన్ని చూసుకో," అన్నాడు వాడు. "నా యంత్రం అల్సీదెస్ కొట్లో రిపేరుకిచ్చాను. ఛార్జింగు పెట్టే చోటు ఊడింది. తీసుకుని ఎవరైనా పిల్లలకి ఇచ్చెయ్. నాకింక దాంతో పనిలేదు. దక్షిణాన పుయెర్తో మోంత్‌లో చేపలు పెంచే చోట పనుందంట, వెళ్తున్నా."

రూములు మూసేసిన రోజు ఎర్మిందా ఒక్కతే రేవూళ్ళో తిరిగింది. కాల్చడానికి ఎవరూ లేరు, తిట్టడానికీ ఎవరూ లేరు. గంటవైపు తుపాకీ ఎత్తి, మళ్ళీ దించేసింది. కాసేపటికి స్క్రీన్ తెల్లబడి, మొదటి పేజీ వచ్చింది.

యంత్రం తెచ్చింది. అల్సీదెస్ బాగానే చేశాడు. కానీ పిల్లలకివ్వలేదు. తమ్ముడికే పంపాలి, పంపేటప్పుడు ఫోన్ చేసి అంతా చెప్పాలి అనుకుంది. బూట్ల డబ్బాలో చేతిరుమాలు చుట్టి పెట్టింది. బస్సు స్టాండుకి కూడా వెళ్ళింది. పార్సిలు కిటికీలో అమ్మాయి, "ఎవరికమ్మా?" అంటే వాడి పేరు చెప్పింది.

"ఎవరు పంపుతున్నట్టు రాయమంటారు?"

ఎర్మిందా డబ్బా వెనక్కి లాక్కుంది. ఫోన్ చేసింది లేదు, చెప్పింది లేదు. అక్క అని రాయిస్తే వాడు దణ్ణం పెట్టి తీసుకుంటాడు. అదే ఆవిడ భరించలేనిది.

"ముందు ఫోన్ చేసి వస్తానమ్మా," అని డబ్బా చంకలో పెట్టుకుంది. దారిలో బసీలియో దగ్గర రొట్టెలు తీసుకుని పనికి వచ్చేసింది.

ఆ డబ్బా ఇప్పటికీ టికెట్ల గదిలో కుర్చీ కిందే ఉంది.