బండి మావయ్య చేతుల వాసన

మా వీధి పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్ళే వ్యాను డ్రైవరు పొద్దున్నే తాగి బండెక్కుతాడని ఒక మాట పుట్టింది. పుట్టిన మాటకు కాళ్ళుంటాయి కదా, అది మూల కొట్టు దగ్గర్నుంచి బండి యజమాని ఇంటిదాకా నడిచి వెళ్ళింది. "సోమవారం లోపు తాగలేదని చూపించు, లేదా తాళాలిచ్చెయ్యి" అన్నాడు యజమాని. సోమవారం రాగానే డ్రైవరు మాట్లాడకుండా తాళాలిచ్చేశాడు. నోరెత్తలేదంటే ఒప్పుకున్నట్టేగా అంటున్నారు అందరూ. కాదు. ఆ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వాసన మాత్రం నిజం.

పిల్లలు అతన్ని బండి మావయ్య అంటారు. ఎత్తుకుని ఎక్కించి, బూటు లేసు కట్టి, ఏడ్చేవాళ్ళను ముందు సీట్లో కూర్చోబెట్టుకునే మనిషి. చీమ అడ్డొచ్చినా బ్రేకు వేస్తాడు. ఆ వాసన నోటిదో చేతులదో ఒక్కరైనా చూశారా? నేను చూశాను. గడువుకు ముందు శనివారం మెట్ల మీద ఎదురైతే ఆపి, "ఊదు నాయనా" అన్నాను. పాపం, ఊదాడు. ఉల్లిపాయ. "ఏదీ, చేతులు?" అంటే వెనక్కి పెట్టుకున్నాడు.

ఆ రాత్రి నాకు ముద్ద దిగితే ఒట్టు. మర్నాడు సాయంత్రం కత్తెర కావాలని వాళ్ళింటికి వెళ్ళాను. మా ఇంట్లో మూడు కత్తెరలున్నాయి.

వాళ్ళావిడ బట్టలు కుడుతుంది. "కత్తెరకేనా వచ్చింది పెద్దమ్మగారూ" అని మిషను ఆపి, లోపలి గది తలుపు తనే తీసింది. "చూడండి, నా గుండుసూదులన్నీ ఎక్కడికి పోతున్నాయో. చీమకు బ్రేకు వేస్తాడు, సీతాకోకచిలుకకు సూది గుచ్చుతాడు."

గోడ పొడుగునా అద్దం మూతల పెట్టెలు. లోపల పెంకుపురుగులు, తూనీగలు, సీతాకోకచిలుకలు, స్కూల్లో ప్రార్థనకు నిలబడ్డట్టు వరసగా. గదంతా కలరా ఉండల వాసన. మొదట్లో బండి ముందు జాలీలో చిక్కి చచ్చిన సీతాకోకచిలుకను పారెయ్యబుద్ధికాక దాచుకున్నాడట. తర్వాత చచ్చినవి చాల్లేదు.

సాలీళ్ళు మాత్రం సీసాల్లో ఉన్నాయి. ఎండితే వాటి పొట్ట ముడుచుకుపోతుందట, అందుకని స్పిరిట్‌లో ఉంచాలి. అది ఆవిరైపోతుంటే మళ్ళీ పోస్తుండాలి. చేతుల వాసన అక్కడిది.

"మరింకేం? రెండు పెట్టెలు, నాలుగు సీసాలు పట్టుకెళ్ళి యజమానికి చూపించమను" అన్నాను.

"చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. వినడు. వానలప్పటి నుంచి కొత్తగా ఒక్క పురుగును పట్టలేదు. అదిగో, ఆ సీసా ముందే కూర్చుంటాడు." కిటికీలో గుడ్డ చుట్టిన సీసా ఒకటుంది.

చుట్టి ఉన్నదాన్ని విప్పకుండా ఉండటం నాకు చేతకాదు. లోపల బొటనవేలి గోరంత సాలీడు. దాని కింద, సీసా అడుగున, గసగసాలు పోసినట్టుంది. కళ్ళజోడు సర్దుకుని చూశాను. గసగసాలకు కాళ్ళున్నాయి.

అప్పుడే అతను గుమ్మంలోకి వచ్చాడు. దొరికిపోయాక దాచడమెందుకని సీసా అలాగే పట్టుకున్నాను.

"నీళ్ళ ట్యాంకు వెనక దొరికింది పెద్దమ్మా" అన్నాడు. "వీపు గరుగ్గా ఉంటే కొత్త రకం అనుకున్నా. సంబరపడిపోయి స్పిరిట్‌లో వేశా. వెయ్యగానే వీపు విడిపోయింది. అన్నీ పిల్లలే. వీపు మీద మోసుకు తిరుగుతోంది. అది మునిగిపోతూ కూడా కాళ్ళతో..." మాట ఆపి, చేత్తో గాలిలో తడిమి చూపించాడు. "పట్టకారు తెచ్చేసరికి అంతా అయిపోయింది."

వాళ్ళావిడ వెటకారమంతా ఎటు పోయిందో, చేతిలో దారం కండె తిప్పుతూ నిలబడింది.

"తెలిసి చేశావా ఏంటి? పొరపాటు" అన్నాను.

"పొద్దున్నే తల్లులు పిల్లల్ని తెచ్చి నా చేతికిస్తారు. దీన్ని వాళ్ళ ముందెలా పెట్టను? తాగుబోతంటే అననీండి."

"సరే, దీన్ని ఇక్కడే ఉంచు. మిగతావి పట్టుకెళ్ళు. వాటిలో తప్పేముంది? తెల్లారితే సోమవారం. నీ కూడు పోతుంటే నోరెందుకు విప్పవు? ఆ ఒక్క ముక్క నాకు చెప్పు."

అతను గోడ పొడుగునా ఉన్న పెట్టెలకేసి ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూశాడు. నా చేతిలో సీసా తీసుకుని, మళ్ళీ గుడ్డ చుట్టాడు.

"వాటికి మాత్రం పిల్లల్లేవనుకున్నారా పెద్దమ్మా? దీనివి నా కంటబడ్డాయి, అంతే."