ముందు తేదీయా, ముందు నెలా?

కంప్యూటర్ ఉన్న గదిలోకి వెళ్లాలంటే చెప్పులు గుమ్మం బయట విడవాల్సిన రోజులవి. ఎనభైల చివర్లో, హన్మకొండలో ఒక మేడమీది కంప్యూటర్ సెంటర్లో నాకు ఉద్యోగం దొరికింది. అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. (ఊళ్లో ఉన్న కాసిని కంప్యూటర్లలో ఒకటి నా మాట వింటుందన్న గర్వం నా నడకలో కూడా కనిపించేదని మా అమ్మ అనేది.) ఏ పని వచ్చినా మళ్లీ మళ్లీ అవసరమయ్యే చిన్న ప్రోగ్రాములన్నీ ఒక ఫ్లాపీలో చేర్చి, దానికి ‘లైబ్రరీ’ అని పేరు పెట్టుకున్నాను. అందులో తేదీలు లెక్కగట్టే ముక్క మాత్రం నాది కాదు, హైదరాబాదులోని ఒక కంపెనీ దగ్గర మా సెంటర్ నడిపే సార్ కొన్నది. తేదీ, నెల, సంవత్సరం వరసగా ఇస్తే, ఇన్ని రోజుల తర్వాత వచ్చే రోజేదో చెప్పేది. అది ఎలా చెబుతుందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

ఆ లెక్క ఎక్కువగా పనికొచ్చింది మా పెద్దమ్మకే. ఆమె ఒక మిషన్ దవాఖానలో పెద్ద నర్సు. ఆమె మనుషులు ఊళ్లు తిరిగి గర్భిణుల పేర్లూ, వాళ్లకు చివరిసారి నెలసరి వచ్చిన తేదీలూ రాసుకొస్తే, నేను కాన్పు తేదీ లెక్కగట్టి కార్డులు అచ్చువేసేదాన్ని. అవి బస్సుల్లో తిరిగి ఆయా ఊళ్లకు చేరేవి. అలా నడుస్తుండగా, ఒక జనవరిలో ఆ కంపెనీ నుంచి కొత్త ఫ్లాపీ వచ్చింది, పాతదానికంటే వేగంగా పనిచేస్తుందట. దాంతోపాటు ఒక కాగితం కూడా వచ్చింది. దాని మీద పల్లీలు పోసుకుని తింటూ, పాతదాని మీదే కొత్తది ఎక్కించేశాను. పరీక్ష చేయకుండా వదిలానని అనుకోకండి. నా పుట్టినరోజు ఇచ్చి చూశాను, జవాబు సరిగ్గా వచ్చింది. (నేను పుట్టింది ఏడో నెల ఏడో తేదీన.)

ఆ నెల కార్డుల్లో సగానికి పైగా కాన్పు తేదీ అచ్చుకాకుండా ఖాళీగా వచ్చింది. నేను చూసుకోకుండానే కట్టకట్టి దవాఖానకు పంపేశాను. పెద్దమ్మ ప్రింటర్ రిబ్బన్ అరిగిపోయిందనుకుని, వేళ్లమీద లెక్కపెట్టి వాటిని చేత్తో పూరించి పంపేసింది. నాతో చెప్పను కూడా లేదు.

ఫిబ్రవరి నడుమ ఒక ఉదయం పెద్దమ్మ మెట్లెక్కి మా సెంటర్‌కి వచ్చింది. చెప్పులు విడవకుండా లోపలికి వచ్చిందంటేనే నాకు భయం వేసింది.

“ఏం బిడ్డా, నీ మిషిన్ ఏమన్న తాగిందా? తొర్రూరు కెల్లి ఒక కోడలిని తీస్కొని అత్త దిగింది. గ్యాసునూనె పొయ్యి, బియ్యం మూట, ఉయ్యాలకు పాత చీర, అన్ని తెచ్చింది. పిల్లకు సక్కగ అయిదు నెలలు గూడ నిండలే!”

నేను నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు. “ఇంటికి పొమ్మంటే పోతలేదు. ‘కాగితంల ఇయ్యాల్నే అని ఉన్నది గద, జర గట్టిగ చూడుండ్రి’ అని కొట్లాడతాంది.”

నేను ఆ కార్డు తీసుకుని రిజిస్టర్ పక్కన పెట్టాను. ఆమెకు చివరిసారి నెలసరి వచ్చింది అక్టోబరు అయిదున. మిషను మే పదిగా చదివింది. పల్లీల కాగితం ఇంకా బల్ల సొరుగులోనే ఉంది. నూనె మరకల కింద మూడో వరసలో ఉంది సంగతి: ఇకమీదట ముందు నెల, తర్వాత తేదీ ఇవ్వాలి. పన్నెండు దాటిన తేదీలను నెలగా చదవలేక మిషను ఖాళీ వదిలింది. పన్నెండు లోపువి మాత్రం నోరెత్తకుండా తారుమారు చేసి అచ్చువేసింది. అంటే మిషను చేతులెత్తేసిన కార్డులన్నీ పెద్దమ్మ వేళ్ల పుణ్యాన సరిగ్గానే ఉన్నాయి. అది చెయ్యగలిగినవే తప్పాయి.

“గట్లయితే,” అంది పెద్దమ్మ నెమ్మదిగా, “ముందుగాల వచ్చినోళ్లు ఉన్నట్టే, ఆలస్యంగ వచ్చేటోళ్లు గూడ ఉంటరు గద?”

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇద్దరం రిజిస్టర్ ముందు కూర్చుని ఒక్కో పేరూ చూశాం. తప్పు కార్డులు తొమ్మిది తేలాయి. వాళ్లలో ఎనిమిది మందికి కబురు పంపే వ్యవధి ఉంది. తొమ్మిదో ఆమెది మరిపెడ దగ్గర ఊరు. ఆమెకు చివరి నెలసరి వచ్చింది మే పదకొండున, మిషను దాన్ని నవంబరు అయిదుగా చదివి, ఆగస్టులో కాన్పని రాసింది. ఆమెకు నిజంగా నెలలు నిండేది ఆ వారమే.

దవాఖాన జీపులో వెళ్లాం. ఆమె మిరపచేను గట్టు మీద, కాయలు ఏరే గంప పక్కన పెట్టుకుని, నడుం పట్టుకుని కూర్చుని ఉంది. పెద్దమ్మ కడుపు మీద చెయ్యి వేసి, “నొప్పి ఎప్పటిసంది?” అంది.

“పొద్దుగాల్నుంచి సన్నగ వస్తాందక్కా. కాగితంల ఆగస్టు అని రాసిండ్రు గద, ఇది ఉట్టి నొప్పే అనుకొని ఊకున్న. మా ఆయన గూడ ఇంకా టైమున్నదని పనికి దూరం పోయిండు.”

ఆ మాటకు బదులు నన్ను తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. తన ఒంట్లో తెలుస్తున్నదాన్ని పక్కన పెట్టి ఆమె నమ్మింది నా కార్డును. “తప్పు నాదక్కా, కాగితం నేనే తప్పు రాసిన,” అన్నాను. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసి, “అయితే ఏమాయె, తీస్కపోను వచ్చినవ్ గద,” అని చెయ్యి చాపింది. నేనే పట్టుకుని లేపాను.

మర్నాడు ఉదయం ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. తొర్రూరు అత్త వరండాలో పొయ్యి వెలిగించి ఆ బాలింతకు పథ్యం వండిపెట్టింది. (తెచ్చిన బియ్యం మోసుకుపోవడం దేనికని చెప్పింది గానీ, పాపను వదిలి కదలలేకపోయిందని అందరికీ తెలుసు.)

సెంటర్‌లో మాత్రం నాకు వారం రోజులు పని పట్టింది. సార్ కంపెనీకి ఫోన్ చేస్తే, “కాగితంలో రాశాం కదా” అన్నారు. అది నిజమే కాబట్టి ఆయన నన్నే చూస్తూ ఫోన్ పెట్టేశారు. నా ప్రోగ్రాములు ఇరవై చోట్ల నేరుగా వాళ్ల ముక్కను పిలుస్తున్నాయి. అన్నిటికీ మధ్యలో నాదే ఒక చిన్న ముక్క రాశాను. ఇకనుంచి నా ప్రోగ్రాములన్నీ దాన్నే పిలవాలి, అదొక్కటే బయటివాళ్లతో మాట్లాడాలి. రేపు వాళ్లు మళ్లీ ఏం మార్చినా నేను దిద్దాల్సింది ఒక్కచోటే.

ఏడాది తిరక్కుండానే మరో ఫ్లాపీ వచ్చింది. ఈసారి సంవత్సరం ముందుకొచ్చింది. నేను కాగితం రెండుసార్లు చదివి, పాత ఫ్లాపీ విడిగా దాచి, మధ్య ముక్కలో ఒక వరస మార్చి, ఇప్పటికే కాన్పయినవాళ్ల పేర్లతో కార్డులు అచ్చువేసి దవాఖానకు తీసుకెళ్లాను. పెద్దమ్మ పాత రిజిస్టర్ తెరిచి జరిగిపోయిన కాన్పులు చదివేది, నేను కార్డులో చూసి చెప్పేదాన్ని. రెండూ దగ్గర దగ్గరగా కలిసిన ప్రతిసారీ, “ఈమెకు కవలలు,” “ఈమె కొడుకు ఇప్పుడు నడుస్తాండు,” అని ఏదో ఒకటి చెప్పేది. అరగంట పని పూటంతా పట్టింది. ఎందుకింత ఆలస్యమని సార్ అడిగితే, “పరీక్ష చేస్తున్నా సార్,” అన్నాను గంభీరంగా. నిజానికి ఆ పూట సగం సేపు నేను చేసింది, ఎప్పుడూ చూడని పిల్లల కబుర్లు నోరు తెరుచుకుని వినడమే. లెక్కలు సరిచూడటానికి వెళ్లి, అసలెందుకు సరిచూడాలో తెలుసుకుని వచ్చిన ఆ పిల్ల, అంటే అప్పటి నేను, ఇప్పుడు ఎదురైతే, ఏమీ అనను. పక్కన కూర్చుని నేను కూడా ఆ కబుర్లు వింటాను.