మూడు శ్రుతిలో పాడిన పిల్ల

పదవీ విరమణకు ముందు సంవత్సరం, మే నెలలో, డిప్లొమా ప్రాక్టికల్‌కు నన్ను లోపలి పరీక్షకుడిగా నియమించిన్రు. కరీంనగర్‌లోని ఒక సంగీత కళాశాలలో నేను గాత్రం అధ్యాపకుడిని. బయటి పరీక్షకుడు వేరే ఊరి నుంచి వస్తడు. మార్కులు ఆయనవి, కింద సంతకాలు ఇద్దరివి.

తెలియనివాళ్లకు చెప్పాలె: ముందు నాలుగేళ్లు సర్టిఫికెట్, సరళీ వరుసల నుంచి వర్ణాల దాక. తర్వాత రెండేళ్లు డిప్లొమా: కృతులు, రాగాలాపన, స్వరకల్పన. థియరీ ఎట్లనో రాసి గట్టెక్కొచ్చు. ప్రాక్టికల్ తప్పితే డిప్లొమా లేదు.

బెల్లంపల్లి నుంచి వచ్చే రజిత పోయినసారి ప్రాక్టికలే తప్పింది. గనిలో పనిచేసే వాళ్ల బాపు, "గిదే ఆఖరుసారి బిడ్డా, ఇగ బంద్" అని చెప్పి పంపిండు.

పరీక్ష గదిల ఆమె మా ఎదుట కూచొని, "సార్, శ్రుతి మూడు పెట్టుకుంట" అన్నది. శ్రుతి అంటే పాటకు ఆధారమైన 'స' ఎంత ఎత్తున ఉండాలనే లెక్క; అంకె పెరిగితే ఎత్తు పెరుగుతది. ఆడపిల్లలకు అయిదు, మగపిల్లలకు ఒకటి అని వాడుక. సిలబస్‌లో ఎక్కడా లేదు! రజితది మంద్రపు గొంతు. బయటాయన నవ్విండు: "మూడా? మీసాలు కూడా తెచ్చుకున్నావా అమ్మా? అయిదు పెట్టు."

నాకు ఒళ్లు మండింది. లేచి బల్ల గుద్దిన. "మెడ కొలత చూసి అంగీ కుడతరా, అంగీ పట్టలేదని మెడ చెక్కుతరా?" అని గర్జించిన. ఆయన చేతిలో చాయ్ ఒలికింది.

ఒలకలేదు. నేను లేవనే లేదు. ఆ మాట ఇంటికి పోయినంక, స్నానం చేస్తుంటే తట్టింది. ఎందుకు లేవలేదంటే, రెండేళ్లు ఆ పిల్లను అయిదులో అరిపించింది నేనే. తరగతిలో ఎనిమిది మంది ఆడపిల్లలు, ఒకటే శ్రుతి పెట్టె. ఒక్కొక్కరికి మార్చుడు నాకు బద్ధకం. పోయినసారి పై 'స' దగ్గర గొంతు పగిలి తప్పితే, సాధన చాలలేదని తిట్టిన కూడ.

రజిత నా దిక్కు చూసింది. నేను హాజరు పట్టీ చూసిన. అప్పుడామె పెట్టెను దగ్గరికి జరుపుకొని మూడుకు తిప్పింది.

"పోయినసారి మీరు చెప్పిన శ్రుతిల పాడి తప్పిన సార్. గీసారి నా శ్రుతిల పాడి తప్పుత."

కల్యాణి ఆలాపన అయ్యేదాక ఎవరూ ఆపలే. తప్పలే. ఆయన బొటాబొటిగా పాస్ వేసి, పక్కన 'శ్రుతి తక్కువ' అని రాసిండు. శ్రుతి తప్పితే తప్పు, తక్కువుంటే తప్పెట్లయితది? ఆ తెలివితక్కువ రాత కింద రెండో సంతకం నాది.

సంగీతంలో చేరబోయేవాళ్లు రాగాలెన్ని, పరీక్షలెన్ని అని అడుగుతరు. ముందు అడగాల్సింది 'నా శ్రుతి ఎంత' అని. గొంతు వినకుండనే అయిదు అని చెప్పే గురువు దగ్గర చేరొద్దు. ముప్పై ఏండ్లు నేను అట్లనే చెప్పిన.